ఆకాశంలో తలుపున్న గది

2007 అక్టోబరు 25, గురువారం. సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం. ఉదయం ఎనిమిది కావస్తోంది.

గేటు అవతల ఆగి ఉన్న విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 80 మీటర్లు. ముక్కు నుంచి తోక దాకా రెండు అంతస్తులు. పేరు ఎయిర్‌బస్ ఏ380. ప్రయాణికుల విమానాల్లో అంత పెద్దది అంతకుముందు లేదు. టికెట్ పుచ్చుకున్న ప్రయాణికులతో అది ఎగరబోవడం ఇదే మొదలు. ఎస్‌క్యూ 380 అనే నంబరుతో సింగపూర్ నుంచి సిడ్నీకి బయల్దేరుతోంది. లోపల 455 మంది ప్రయాణికులున్నారు.

కింది అంతస్తులో, విమానం ముక్కు దగ్గర, 12 గదులున్నాయి. మూడు వరుసలు, వరుసకి నాలుగు. ప్రతి గదికీ చుట్టూ గోడలు, పక్కకి జరిపే తలుపు, ఆ తలుపుకో చిన్న అద్దం, అద్దానికి తెర. లోపల 35 అంగుళాల వెడల్పున్న తోలు కుర్చీ. ఎదురుగా 23 అంగుళాల టీవీ. కుర్చీ వెనక గోడలోకి మడిచిపెట్టిన పడక.

ఆ 12 గదుల్లో రెండింటి కోసం ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఓ బ్రిటన్ వాసి చెల్లించింది 1,00,380 అమెరికన్ డాలర్లు. అప్పటి మారకంలో దాదాపు 40 లక్షల రూపాయలు. ఏడు గంటల ప్రయాణానికి!

విమానం గేటు నుంచి వెనక్కి కదిలింది. రన్‌వే వైపు మళ్లింది. 12 గదుల తలుపులూ బార్లా తెరిచే ఉన్నాయి. వాటిని తెరిచిన స్థితిలోనే గొళ్లెం బిగించి ఉంచాలన్నది నియమం. 40 లక్షలు పోసినా సరే, నేల మీద కదులుతున్నప్పుడు, పైకి లేస్తున్నప్పుడు, కిందికి దిగుతున్నప్పుడు తలుపు మూసుకునే హక్కు ఎవరికీ లేదు.

నాలుగు ఇంజన్లూ ఒక్కసారిగా ఊపందుకున్నాయి. మహాకాయం నేల విడిచింది. ఆకాశంలో స్థిమితపడ్డాక, తలుపుల గొళ్లేలు వదిలారు.

ఒక మనిషి గాలిలో ప్రయాణిస్తూ తలుపు వేసుకుని, నడుము వాల్చి పడుకోవడం. వినడానికి ఎంత చిన్న కోరిక! ఆ కోరిక అక్కడిదాకా చేరడానికి పట్టిన కాలం, పడిన శ్రమ మాత్రం చిన్నవి కావు.

పోయిన పడక

నిజానికి విమానంలో పడక పాత సంగతే. 1939లో అట్లాంటిక్ మీదుగా నడిచిన పాన్ యామ్ సంస్థ బోయింగ్ 314 విమానాలు నీటి మీద దిగేవి, నీటి మీంచే లేచేవి. వాటిలో పగలు కూర్చున్న సీట్లే రాత్రికి బెర్తులయ్యేవి. తోక వైపు కొత్త దంపతుల కోసమని ఓ ప్రత్యేక గది కూడా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన బోయింగ్ స్ట్రాటోక్రూజర్‌లోనూ బెర్తులు వేసేవారు. ఎక్కడికక్కడ ఆగుతూ సాగే ఆ దూర ప్రయాణాల్లో పడక లేకపోతే మనిషి తట్టుకోలేడు.

1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలైంది. వేగం పెరిగింది. ప్రయాణం గంటల లెక్కలోకి వచ్చింది. ఏడెనిమిది గంటలకి పడకెందుకన్నారు. పడక పోయింది, దాని స్థానంలో వెనక్కి వాలే కుర్చీ మిగిలింది. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లకు పైగా, ఫస్ట్‌క్లాస్ టికెట్ కొన్న కోటీశ్వరుడు కూడా చాలావరకు ఏటవాలుగా జారుతూ, మెడ పట్టేసి, తెల్లారేసరికి చొక్కా నలిగి దిగినవాడే.

ఈలోగా విమానాలు మరింత దూరం ఎగరడం నేర్చుకున్నాయి. 2004లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన ఊరి నుంచి అమెరికాలోని నెవార్క్‌కి మధ్యలో ఎక్కడా ఆగకుండా విమానం నడిపింది. 18 గంటలకు పైగా గాలిలోనే. మనిషి శరీరం అంతసేపు కూర్చోవడానికి పుట్టలేదు. పడక మళ్లీ రాక తప్పదు.

నిజానికి ఆ ప్రయాణానికి ముందే అది రావడం మొదలుపెట్టింది, విడతలు విడతలుగా. 1990ల నడుమ బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఫస్ట్‌క్లాస్‌లో పూర్తిగా చదునయ్యే పడక పెట్టింది. 2000లో అదే సంస్థ బిజినెస్ క్లాస్‌కీ దాన్ని తెచ్చింది. ఒకరి తల ఉన్న వైపు పక్కవారి కాళ్లు వచ్చేలా, ఎదురుబొదురుగా సీట్లు అమర్చి, ఉన్న చోటులోనే పడక ఇమిడ్చారు. 2003లో దుబాయ్ సంస్థ ఎమిరేట్స్ తన ఏ340-500 విమానాల్లో ఫస్ట్‌క్లాస్ సీటు చుట్టూ గోడ కట్టి, దానికి తలుపు పెట్టింది.

పడక తిరిగొచ్చింది. దానికి తలుపు తోడైంది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

78 సెకన్లు

2006 మార్చి 26. జర్మనీలోని హాంబర్గ్. ఎయిర్‌బస్ కర్మాగారంలో ఓ హ్యాంగర్.

చీకటి చేసిన ఆ హ్యాంగర్‌లో ఏ380 విమానం ఆగి ఉంది. లోపల 853 మంది ప్రయాణికులు, 20 మంది సిబ్బంది. ప్రయాణికులంతా పరీక్ష కోసం వచ్చిన వాలంటీర్లు. విమానానికి మొత్తం 16 ద్వారాలు. వాటిలో ఎనిమిదే తెరుచుకుంటాయి. ఏ ఎనిమిదో లోపలివాళ్లకి ముందుగా తెలియదు. నియమం ఒక్కటే: 90 సెకన్లలో అందరూ బయటపడాలి.

సంకేతం వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. గాలి నింపుకుని జారుడుబల్లలు కిందికి విచ్చుకున్నాయి. పై అంతస్తు ద్వారం నుంచి చీకట్లోకి దూకడమంటే మాటలు కాదు. సిబ్బంది అరుస్తున్నారు, జనం దూకుతున్నారు. కొందరికి గాయాలయ్యాయి, ఒకరికి కాలు విరిగింది. అయినా చివరి మనిషి నేల మీద కాలు పెట్టేసరికి గడిచింది 78 సెకన్లు. విమానం గెలిచింది.

ఆ పరీక్షలో ఫస్ట్‌క్లాస్ గదుల్లేవు. కానీ ఆ 78 సెకన్లను మనసులో పెట్టుకుంటేనే, విమానంలో తలుపు అనే మాట వినగానే భద్రతా అధికారులు ఎందుకు ఉలిక్కిపడతారో తెలుస్తుంది. ప్రయాణికుడి సీటుకీ, అత్యవసర ద్వారానికీ మధ్య తలుపు ఉండకూడదని అమెరికా విమానయాన నిబంధనలు చెబుతాయి. తలుపున్న గది కట్టాలంటే ఆ నిబంధన నుంచి ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకోవాలి. మినహాయింపు ఊరికే రాదు, షరతులతో వస్తుంది. విమానం కదిలేటప్పుడు, ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు తలుపు తెరిచి గొళ్లెం పెట్టి ఉండాలి. లోపలి మనిషి స్పృహ తప్పినా సిబ్బంది బయటి నుంచి తీయగలగాలి. తలుపు ఇరుక్కుపోతే లోపలివాళ్లు బయటపడే మరో దారి ఉండాలి.

గోడలకీ షరతులే. విమానం నేలకి గుద్దుకుంటే సీటు ఎంత దెబ్బ తట్టుకుంటుందో చూడటానికి, బొమ్మ మనిషిని కూర్చోబెట్టి, శరీర బరువుకి 16 రెట్ల తాకిడితో పరీక్షిస్తారు. బొమ్మ తల ముందుకి ఊగినప్పుడు గోడకో టీవీకో తగిలి, ఆ దెబ్బ ప్రాణాంతకమని తేలితే నమూనా మొత్తం మొదటికొస్తుంది. గోడకి వాడే పలక తేలిగ్గా ఉండాలి. నిప్పంటుకుంటే దాని నుంచి వెలువడే వేడి నిర్ణీత హద్దు దాటకూడదు. ఇంట్లో గది కట్టే మేస్త్రీకి తెలిసిన ఇటుక, చెక్క, గాజు ఏవీ ఇక్కడ పనికిరావు.

సింగపూర్ గదుల గోడలు పైకప్పు దాకా లేవకుండా మధ్యలోనే ఆగిపోయాయి. బయటి మాటలు లోపలికి, లోపలి మాటలు బయటికి వినిపించేవి. గదులు శబ్దాన్ని ఆపవు కాబట్టి తోటి ప్రయాణికులకు ఇబ్బంది కలగకుండా మెలగమని విమాన సంస్థ ప్రయాణికుల్ని బాహాటంగానే కోరాల్సి వచ్చింది.

పడవలు గీసే చెయ్యి

ఇన్ని సంకెళ్ల మధ్య గది గీయాలి. ఎవరు గీస్తారు?

సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఈ పనిని విలాస పడవలు రూపొందించే ఫ్రెంచ్ డిజైనర్ జాన్ జాక్ కోస్త్‌కి అప్పగించింది. ఆ ఎంపిక వెనకున్న తెలివి గది చూస్తే అర్థమవుతుంది. పడవ లోపల నేల సమంగా ఉండదు, గోడ నిటారుగా ఉండదు, అంగుళం చోటు కూడా ఊరికే దొరకదు. విమానం ముక్కు దగ్గరా అంతే. గోడ వంపు తిరుగుతూ పోతుంది. కిటికీ పక్క గదికి ఒక ఆకారం, నడిమి గదికి మరో ఆకారం. ప్రతి వస్తువూ రెండు పనులు చేయాలి, పని లేనప్పుడు కనపడకుండా మడుచుకోవాలి.

ఈ గదుల్లో తీసుకున్న నిర్ణయాల్లో ముఖ్యమైనది, కుర్చీని పడకగా మార్చకపోవడం. అప్పటిదాకా అందరూ చేసింది అదే. మీట నొక్కితే వీపు వెనక్కి వాలుతుంది, కాళ్ల పలక పైకి లేస్తుంది, కుర్చీ చదునవుతుంది. కానీ కుర్చీకి కావలసిన దిండు వేరు, పడకకి కావలసిన పరుపు వేరు. కూర్చున్నవాడి బరువు ఒకచోట పడుతుంది, గట్టిదనం కావాలి. పడుకున్నవాడి బరువు తల నుంచి మడమ దాకా పరుచుకుంటుంది, మెత్తదనం కావాలి. రెండూ ఒకే దాంట్లో ఇరికిస్తే నడుము కింద అతుకు తగులుతుంది. అర్ధరాత్రి పక్కకి ఒత్తిగిలినప్పుడల్లా ఆ అతుకు నిద్ర లేపుతుంది.

అందుకని కోస్త్ గదిలో కుర్చీ కుర్చీగానే, పడక పడకగానే ఉండిపోయాయి. నడిమి గదుల్లో పక్కపక్కవాటి మధ్య గోడని కిందికి దించితే రెండు పడకలు కలిసి డబుల్ బెడ్ అయ్యేవి. దంపతులు, బిడ్డతో వచ్చిన తల్లి కలిసి పడుకునే వీలుండేది.

ఇంత ఆలోచించి గీసిన గది, తీరా విమానం సిద్ధం కాక కాగితం మీదే నెలల తరబడి కూర్చుంది.

పొట్టిపడిన తీగ

ఏ380 మొదటిసారి గాలిలోకి లేచింది 2005 ఏప్రిల్ 27న, ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో. వేలమంది చూస్తుండగా లేచింది, క్షేమంగా దిగింది. 2006 మొదట్లో సింగపూర్ చేతికి రావాలి. రాలేదు.

విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల కరెంటు తీగ ఉంది. హాంబర్గ్‌లో తీగల కట్టలు అమర్చిన భాగాలు తులూజ్ వచ్చాయి. అక్కడ అన్నీ కలుపుతుంటే తీగలు చాలలేదు. కొన్ని చోట్ల ఈ కొస ఆ కొసని అందుకోవడం లేదు. కారణం తవ్వితే బయటపడింది: జర్మనీ, స్పెయిన్ బృందాలు డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌తోను, ఫ్రాన్స్, బ్రిటన్ బృందాలు కొత్త వెర్షన్‌తోను పనిచేశాయి. రెండు బొమ్మలూ ఒకదానికొకటి సరిపోలేదు.

ప్రయాణికుల సౌకర్యాలు కూడా ఆ చిక్కుముడిని బిగించాయి. సీటు సీటుకీ తెర, దీపం, మోటారు, పిలుపు మీట. ఏ విమాన సంస్థ కోరిక దానిది. ఒక సంస్థకి వేసిన తీగల పటం ఇంకో సంస్థకి పనికిరాదు. హాయిగా నడుము వాల్చడానికి మీట నొక్కే ప్రయాణికుడికి కనపడని లోకం అది. ఎయిర్‌బస్ కార్మికులు చేత్తో తీగలు సరిచేసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. సంస్థ అధిపతుల కుర్చీలు కదిలిపోయాయి. చివరికి 2007 అక్టోబరు 15న తులూజ్‌లో విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చింది. ఏడాదిన్నర ఆలస్యం.

వేలంపాట

మొదటి ప్రయాణం టికెట్లని కౌంటర్‌లో అమ్మకూడదని సింగపూర్ ఎయిర్‌లైన్స్ ముందే అనుకుంది. ఈబే వెబ్‌సైట్‌లో వేలం పెట్టింది. వచ్చిన సొమ్ము దానానికి. ఆగస్టు చివర్లో మొదలైన పాట సెప్టెంబరు దాకా సాగింది. వెనకాల ఎకానమీ సీట్ల నుంచి ముందున్న గదుల దాకా అన్నిటికీ పాట పాడారు. అన్నిటికన్నా పెద్ద పాట రెండు గదులకు పలికిన ఆ 1,00,380 డాలర్లే. విమానం పేరు ఏ380, సర్వీసు నంబరు 380. పాట చివర్లోనూ అదే 380 పెట్టి ముగించారు.

మొత్తం పది లక్షల డాలర్లకు పైగా పోగైంది. అందులో మూడో వంతు సింగపూర్‌లోని కమ్యూనిటీ చెస్ట్ అనే సేవా సంస్థకి, మూడో వంతు సిడ్నీలోని రెండు పిల్లల ఆసుపత్రులకి, మిగతా మూడో వంతు యుద్ధాలు, కరవులున్న చోట్ల వైద్యం చేసే ‘మెడిసాన్ సాన్ ఫ్రాంతియేర్’ సంస్థకి చేరింది. విలాసం కోసం పెట్టిన సొమ్ము ముక్కూమొహం తెలియని పసిపిల్లల మంచాల దాకా వెళ్లింది. ఈ గాథలో మనసుకి హత్తుకునే భాగం ఇదే.

ఏడు గంటలు

మళ్లీ ఆ విమానంలోకి వెళ్దాం. కింద సముద్రం. వెనక రెండు అంతస్తుల్లో జనం సీట్లలో నిలవడం లేదు. మెట్ల దగ్గర ఫొటోలు, చేతుల్లో షాంపేన్ గ్లాసులు, ఒకరినొకరు పలకరింపులు. ముందు గదుల్లో పడక వేయమని అడిగినవాళ్లున్నారు.

పడక వేయడం సిబ్బంది పని. ప్రయాణికుడు గది బయటికి వచ్చి నిలబడతాడు. ఎయిర్‌హోస్టెస్ లోపలికి వెళ్లి కుర్చీ వీపుని ముందుకి మడుస్తుంది. కుర్చీ బల్లంత ఎత్తుకి చదునవుతుంది. తర్వాత వెనక గోడ పైభాగంలో పట్టు వదిలించి పలకని రెండు చేతులా కిందికి దించుతుంది. పలకతో పాటే పరుపూ వస్తుంది. అది మడిచిన కుర్చీ మీదకి వచ్చి ఆనుతుంది. దుప్పటి పరిచి, అంచులు లోపలికి దోపి, దిండ్లు సర్ది, కప్పుకునే బొంత ఒక మూల తిప్పి ఉంచుతుంది. దుప్పట్లు, దిండ్లు జివాన్షీ అనే ఫ్యాషన్ సంస్థవి. కాస్త ముందు టీవీ చూస్తూ కూర్చున్న చోట, ఇప్పుడు కాళ్లు బారజాపుకుని వెల్లకిలా పడుకోవచ్చు.

అది పగటి ప్రయాణం. నిద్ర వేళ కానే కాదు. అయినా ఒక జంట డబుల్ బెడ్ మీద కూర్చుని గ్లాసులు ఎత్తిన ఫొటో ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. అమ్మాయి పెళ్లికి దాచుకున్న పట్టుచీరని కట్టుకుని చూసుకున్నంత ముచ్చట వాళ్ల ముఖాల్లో.

సిడ్నీలో అప్పుడు గడియారం సింగపూర్ కన్నా రెండు గంటలు ముందుంది. దిగే వేళయింది. పడకలు గోడల్లోకి వెళ్లిపోయాయి. కుర్చీలు నిలబడ్డాయి. 12 తలుపులూ మళ్లీ బార్లా తెరుచుకుని గొళ్లేలు పడ్డాయి. సాయంత్రం ఐదున్నర కాకముందే చక్రాలు సిడ్నీ నేలని తాకాయి. టికెట్ కొన్న ప్రయాణికులతో ఏ380 చేసిన మొదటి ప్రయాణం క్షేమంగా ముగిసింది.

ఆ తర్వాత

ఆ రోజు నుంచి పోటీ మొదలైంది. 2008 ఆగస్టు 1న ఎమిరేట్స్ ఏ380 దుబాయ్ నుంచి న్యూయార్క్ వెళ్లింది. అందులో ఫస్ట్‌క్లాస్ ప్రయాణికులకి స్నానాల గదులున్నాయి. మనిషికి అయిదు నిమిషాల నీళ్లు. 2014 డిసెంబరు 27న అబుధాబి నుంచి లండన్ వెళ్లిన ఎతిహాద్ ఏ380లో ‘ది రెసిడెన్స్’ అని ఏకంగా మూడు గదుల వాటా పెట్టారు. కూర్చునే గది, పడకగది, స్నానాల గది కలిపి 125 చదరపు అడుగులు, వాటికి తోడు ఒక బట్లర్. 2016 మేలో ఆ విమానం ముంబైకీ వచ్చింది. 2017లో ఎమిరేట్స్ తన బోయింగ్ 777లో నేల నుంచి పైకప్పు దాకా మూసుకునే గది కట్టింది. నడుమ గదికి కిటికీ లేదు కాబట్టి, విమానం బయట అమర్చిన కెమెరాలు పంపే దృశ్యాన్ని కిటికీ ఆకారపు తెరల మీద చూపింది. అదే ఏడాది సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన కొత్త ఏ380ల్లో 12 గదుల్ని ఆరుకి తగ్గించి, వాటిని పై అంతస్తుకి మార్చి, ఒక్కో గదిలో కుర్చీ ఒక పక్క, పడక ఒక పక్క వేసింది.

మన దేశమూ వెనకబడలేదు. 2007లోనే జెట్ ఎయిర్‌వేస్ తన బోయింగ్ 777 విమానాల్లో తలుపులున్న ఎనిమిది ఫస్ట్‌క్లాస్ గదులు పెట్టింది. ఆ సంస్థ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. ఏ380 మన నేల మీద నిత్య సర్వీసుగా దిగింది 2014లో, సింగపూర్ నుంచి ఢిల్లీకి, ముంబైకి.

మరి 2007 నాటి ఆ మొదటి విమానం? పదేళ్లు ఎగిరాక 2017లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ దాన్ని అద్దె యజమానులకి తిరిగి ఇచ్చేసింది. రెండో చేతికి కొనేవాళ్లు దొరకలేదు. ఫ్రాన్స్‌లోని టార్బ్‌కి తీసుకెళ్లి, ముక్కలుగా విప్పేశారు. నాలుగు ఇంజన్లు తాగే ఇంధనాన్ని మోయగల సంస్థలు తగ్గిపోయాయి. 2021 డిసెంబరులో చివరి ఏ380 ఎమిరేట్స్‌కి చేరడంతో ఆ విమానం తయారీయే ఆగిపోయింది.

విమానం పోయింది. తలుపు మాత్రం పోలేదు. అది వెనక్కి నడిచింది. 2017లో ఖతార్ ఎయిర్‌వేస్ ‘క్యూసూట్’ పేరుతో బిజినెస్ క్లాస్‌కి తలుపు తెచ్చింది. 2024 జనవరిలో ఎయిర్ ఇండియా మొదటి ఏ350 విమానం ఎగిరినప్పుడు అందులోని 28 బిజినెస్ సీట్లకీ తలుపులున్నాయి. మొదట్లో దాన్ని దేశంలోనే నడిపారు. ఆ నగరాల్లో మన హైదరాబాద్ కూడా ఉంది. ఒకప్పుడు 40 లక్షలు పోసినవాడు ముచ్చటపడ్డ సదుపాయం పదిహేడేళ్లలో ఒక తరగతి దిగొచ్చింది.

వెనక వరుసల మాట

ఇంకా దిగాలి. నేను ఈ గాథ రాయడానికి కారణం అదే.

సింగపూర్ గదులు ఎగరడానికి నాలుగు నెలల ముందు, 2007 జూన్‌లోనే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పరిశోధన ఫలితం బయటపెట్టింది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణం చేస్తే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని చెప్పింది. మొత్తం మీద ఆ ముప్పు తక్కువే, ఆరువేల మందిలో ఒకరికి. కానీ ఎవరికి? ఎక్కువగా వయసు మీదపడినవాళ్లకి, ఒళ్లున్నవాళ్లకి, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లకి.

వాళ్లెవరో మనకి తెలుసు. డల్లాస్‌లో కూతురి పురుడు పోయడానికి వెళ్లే గుంటూరు అమ్మ. న్యూజెర్సీలో మనవణ్ని చూడ్డానికి వెళ్లే కరీంనగర్ తాతయ్య. నడి సీట్లో ఇరుక్కుని, పక్కవాళ్లని లేపడానికి మొహమాటపడి, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు కూడా మానేసి, గల్ఫ్‌లో ఒక విమానం మారి, కాళ్లు వాచి దిగుతారు.

పడక తత్వం తెలిసిన డిజైనర్లు వెనక వరుసల గురించి ఆలోచించలేరా? ఆలోచించారు. ఎయిర్ న్యూజిలాండ్ 2011లోనే మూడు ఎకానమీ సీట్ల ముందు పలకలు పైకి లేపి, వాటిని ఒక పరుపుగా మార్చే ‘స్కైకౌచ్’ తెచ్చింది. 2020లో ‘స్కైనెస్ట్’ ప్రకటించింది. ఎకానమీ ప్రయాణికుల కోసమే ఆరు బెర్తులు, నాలుగు గంటల వంతు. అంటే చేతకాక కాదు. మనసు పెట్టాలి. నేల నుంచి పైకప్పు దాకా గది కట్టి, కిటికీ లేని చోట కిటికీ చూపగలిగినవాళ్లు, పెద్దాయన మోకాలికి నాలుగు అంగుళాలు సంపాదించలేరంటే నేను నమ్మను.

ఫస్ట్‌క్లాస్ గదిని నేను తప్పుపట్టడం లేదు. ఆ గదులు కట్టినవాళ్ల పనితనానికి చేతులెత్తి మొక్కుతాను. మనిషికి గాలిలో కూడా నడుము వాల్చే చోటు కావాలని వాళ్లు నిరూపించారు. ఆ నిజం టికెట్ ధరని బట్టి మారదు.

అందుకే విమాన సంస్థలకి, మన పౌర విమానయాన డైరెక్టరేట్‌కి ఒక విన్నపం. బియ్యం బస్తా మీద తూకం రాసినట్టు, ప్రతి టికెట్ మీదా సీటు వెడల్పు, ముందు సీటుకీ దానికీ మధ్య దూరం అంగుళాల్లో అచ్చువేయించండి. కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలియాలి. పాఠకులకీ ఒక మాట. అమ్మానాన్నలకి విమానం టికెట్ కొనేటప్పుడు ధరతో పాటు ఆ అంగుళాలు కూడా అడగండి. నడవ పక్క సీటు ఇప్పించండి. నీళ్లు తాగమని, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమని చెప్పి పంపండి. తలుపున్న గది వాళ్లదాకా వచ్చేలోగా, మన చేతిలో ఉన్నది ఇదే.